స్టీరింగు అదురుతున్నదా? ముందుగా చక్రాలను, టైర్లను పరీక్షించండి

బళ్లారి, సిరుగుప్ప, ఆలూరు, గుంతకల్లు ప్రాంతాల పల్లెలలో కారు ఇప్పుడు అపురూప వస్తువు కాదు. బెంగళూరులో ఉద్యోగం చేసే కుమారుడు వాడి ఇచ్చినదో, పట్టణంలో బేరమాడి తెచ్చుకొన్న పాత బండియో వీథికొకటి కనిపిస్తున్నది. ఊరి దారులలో దాని వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటడం అరుదు. పెండ్లికో, తిరుపతి మ్రొక్కుకో ఇంటిల్లిపాదీ బయలుదేరి 67వ నంబరు జాతీయ రహదారి ఎక్కిన తరువాతనే అసలు సంగతి బయటపడుతుంది. వేగం 80 దగ్గరపడగానే స్టీరింగు సన్నగా వణకడం మొదలవుతుంది. 90 వచ్చేసరికి ఆ వణుకు మోచేతుల దాకా ప్రాకుతుంది. వెనుక కూర్చున్న పెద్దలు "నిదానంగా పోనీ నాయనా" అంటారు. నిదానిస్తే వణుకు పోతుంది. మరునాడు మిస్త్రీకి చూపించగా అతడు సందులో ఒక చుట్టు తిప్పి వచ్చి "ఏమీ లేదే" అంటాడు. అతడు అబద్ధమాడలేదు. ఆ సందులో, ఆ వేగంలో నిజంగానే ఏమీ తెలియదు.

ఇక్కడి నుండి కథ రెండు దారులలో ఏదో ఒకటి పడుతుంది. కొందరు "పాత బండి కదా, అట్లే ఉంటుంది" అని సరిపెట్టుకొని అదే స్థితిలో నడుపుతుంటారు. మరికొందరు మిస్త్రీ ఊహించి చెప్పిన విడిభాగాలను ఒకదాని తరువాత ఒకటి మార్పిస్తూ వేలకు వేలు పోస్తారు. మా బంధువర్గంలో ఒకరి కారుకు ఈ విధంగానే స్టీరింగు ర్యాకు మొత్తం మార్చినారు. వణుకు పోలేదు. చివరకు ఎడమవైపు ముందు చక్రం విప్పి చూడగా, రిమ్ము లోపలి అంచున అరచేతి వెడల్పున ఎండిన మట్టి పెళ్ల అంటుకొని ఉన్నది. గీకి తీసి కడిగిన తరువాత బండి మామూలుగా నడిచినది. ఆ మట్టి పెళ్లకు అయిన ఖర్చు ఒక కారు స్టీరింగు ర్యాకు!

అందరి బండిలోనూ కారణం ఇంత స్వల్పంగా ఉండదు. కొన్ని వణుకులు టైరు పగులబోతున్నదని ముందుగా చెప్పే హెచ్చరికలు. ఏది మట్టి పెళ్ల, ఏది ప్రాణాపాయం అన్న తేడా యజమానికి తెలియడం అవసరం. అది తెలుసుకొనుటకు యంత్రాలు అక్కరలేదు. వణుకు ఏ వేగంలో వచ్చినది, ఎక్కడ తెలిసినది అన్న రెండు సంగతులు శ్రద్ధగా గమనిస్తే చాలవరకు దోషం ఎక్కడున్నదో తేలుతుంది.

మాటవరసకు ఒక సంగతి. అదురు అన్న మాట కన్నడంలోనూ వణుకు అన్న అర్థంలోనే ఉన్నది. దానికి దగ్గరి మాటయైన అదిరు అంటే అక్కడ ఖనిజం. ఇనుప అదిరు లారీలు నలగగొట్టిన సండూరు, తోరణగల్లు దారులలో తిరిగిన కార్లకు ఈ రెండు మాటల చుట్టరికం బాగా తెలుసు.

ఒడిసెల చెప్పే పాఠం

జొన్నచేలో పిట్టలను తోలే ఒడిసెలను తిప్పినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. రాయి చిన్నదే. మెల్లగా తిప్పితే చేతికి బరువే తెలియదు. వేగంగా తిప్పితే అదే రాయి చేతిని గుంజుతుంది. చక్రంలో ఒక ప్రక్కన కొద్దిపాటి అధిక బరువు ఉంటే జరిగేది ఇదే. చక్రం తిరిగినంతసేపు ఆ బరువు ఇరుసును ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి, ముందుకు, వెనుకకు గుంజుతూ ఉంటుంది. ఆ గుంజుడు స్టీరింగు కడ్డీల గుండా మన చేతులకు వస్తుంది.

ఆ బరువు ఎంత ఉంటే వణుకు తెలుస్తుంది? లెక్క వేసి చూద్దాము. 13 అంగుళాల రిమ్ము గల చిన్న కారు చక్రం అంచున 20 గ్రాముల తేడా ఉన్నదనుకొందాము. గంటకు 45 కిలోమీటర్ల వేగంలో ఆ 20 గ్రాములు ఇరుసును గుంజే బలం సుమారు 700 గ్రాముల బరువుకు సమానం. 90 కిలోమీటర్ల వేగంలో అదే బలం దాదాపు 3 కిలోలవుతుంది. వేగం రెండింతలయితే బలం నాలుగింతలు అవుతుంది, బడిలో చెప్పే వృత్తాకార చలన సూత్రం ఇదే. పైగా ఆ వేగంలో చక్రం సెకనుకు దాదాపు 15 సార్లు తిరుగుతుంది. అంటే 3 కిలోల సుత్తితో సెకనుకు 15 సార్లు తట్టినట్లు. ఊరిలో నిలకడగా ఉన్న బండి పెద్ద దారిలో ఎందుకు వణుకుతుందో దీనిని బట్టి గ్రహించవచ్చును. దోషం రహదారి మీద పుట్టినది కాదు. ముందు నుండే ఉన్నది, అక్కడ బయటపడినది.

అందువలన పాత కారు కొనేవారు ఊరి వీథిలో నడిపి చూసి తృప్తిపడరాదు. అమ్మేవారిని ఒప్పించి పెద్ద దారికి తీసుకొనిపోయి, చట్టం అనుమతించే మేరకు 80, 90 వరకు నడిపి చూడవలెను. దానికి ఒప్పుకొనని బేరం మీద నాకైతే అనుమానమే.

ఇంకొక విశేషం. సమతూకం తప్పిన చక్రం వణుకు ఒక్కొక్కప్పుడు 80 దగ్గర మొదలై, 100 దగ్గర ముదిరి, ఆపైన కొంత తగ్గినట్లు అనిపిస్తుంది. బండి ముందుభాగానికి తనదైన ఊగే లయ ఒకటి ఉంటుంది. చక్రం తిరిగే లయ దానితో కలిసినచోట వణుకు పెద్దదవుతుంది, దాటిపోతే తగ్గుతుంది. కొందరు దీనిని కనిపెట్టి "వంద దాటిస్తే వణకదు" అని దానినే మందుగా చెప్పుకొంటారు. గుంజే బలం తగ్గలేదు, మనకు తెలియడం మాత్రమే తగ్గినది. బేరింగులు, జాయింట్లు లోపల దెబ్బతింటూనే ఉంటాయి.

కాగితం మీద వ్రాసుకోవలసినవి

ఉదయం రద్దీ లేని వేళ, నునుపైన తిన్నని దారిలో ఇద్దరు బయలుదేరవలెను. ఒకరు నడపడానికి, రెండవవారు ప్రక్కన కూర్చొని వ్రాసుకొనుటకు. నడిపేవారే ఫోనులో వ్రాసుకొనడం కూడదని వేరుగా చెప్పనక్కరలేదు. బయలుదేరుటకు ముందే నాలుగు టైర్లలో గాలి సరిచూడవలెను. ఎంత ఉండవలెనో చాలా కార్లలో డ్రైవరు తలుపు ప్రక్కన అంటించిన చీటీ మీద ఉంటుంది. టైరు గోడ మీద అచ్చువేసిన సంఖ్య ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పీడనం, మన బండికి పట్టించవలసినది కాదు. ఈ తేడా తెలియక గరిష్ఠం దాకా కొట్టించేవారు ఉన్నారు.

వణుకు స్టీరింగులో బలంగా తెలిస్తే సాధారణంగా దోషం ముందు చక్రాలలో ఉంటుంది. స్టీరింగు నిలకడగా ఉండి, సీటు, కాళ్ల క్రింది నేల అదిరితే వెనుక చక్రాలను అనుమానించవలెను. ఇది నూటికి నూరుపాళ్లు నిలిచే నియమం కాదు గాని మొదటి అడుగుకు చాలును.

తరువాత, వణుకు వచ్చే వేగంలోనే ఉండి నాలుగవ గేరు నుండి అయిదవ గేరుకు మార్చి చూడండి. బండి వేగం మారలేదు, ఇంజను వేగం మాత్రం తగ్గినది. వణుకు అట్లే ఉంటే అది చక్రాలకు సంబంధించినది. గేరుతో పాటు మారితే ఇంజను వైపు చూడవలెను. యాక్సిలరేటరు నొక్కినప్పుడే వణికి, కాలు తీయగానే తగ్గితే చక్రానికి శక్తి అందించే యాక్సిలు జాయింటు అరిగి ఉండవచ్చును. బ్రేకు వేసినప్పుడు మాత్రమే స్టీరింగు, పెడలు రెండూ అదిరితే బ్రేకు డిస్కు మందం అంతటా ఒకేలా లేదని అర్థం. అప్పుడు టైర్ల మీద ఖర్చు పెట్టనక్కరలేదు. పరీక్ష పేరుతో నడుస్తున్న బండిలో తాళంచెవి తిప్పి ఇంజను ఆపరాదు. బ్రేకుకు అండగా ఉన్న శక్తి తగ్గిపోతుంది, స్టీరింగు బిగుసుకొంటుంది.

గంటకు 20, 30 కిలోమీటర్లలోనే స్టీరింగు కుడి ఎడమలకు ఊగుతూ, బండి బాతు నడకలా పోతుంటే అది తూకం దోషం కాదు. అంత తక్కువ వేగంలో 20 గ్రాములు ఏమీ చేయలేవని పైన లెక్కలో చూచినాము. టైరు ఆకారం చెడియుండవచ్చును, రిమ్ము బాగా వంగియుండవచ్చును, లేదా నట్లు వదులై ఉండవచ్చును. ఈ మూడింటిలో ఏదైనా సరే, పరీక్ష అక్కడే నిలిపివేసి బండిని ప్రక్కకు తీయవలెను. గమ్యం ఇంకా పది కిలోమీటర్లే అని నడపడం మంచిది కాదు.

నల్లరేగడి చేసే పని

మన ప్రాంతంలో అన్నింటికన్న ముందుగా చూడవలసినది మట్టి. తుంగభద్ర ఆయకట్టు దారులలో దమ్ము ట్రాక్టర్లు తెచ్చి వదిలిన బురద, వానాకాలంలో చేల బాటల నల్లరేగడి, ఈ రెండూ చక్రానికి అంటుకొంటే ఊడవు. నల్లరేగడి నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఎండితే రాయి అవుతుంది. చక్రం బయటి ముఖం కడుగుతాము గాని, రిమ్ము లోపలి గుండ్రంలో చేరిన మట్టిని ఎవరు చూస్తారు? అది అంతటా సమానంగా అంటుకొని ఉంటే కొంత నయం. ఎండిన తరువాత ఒక ప్రక్క పెళ్ల రాలిపోయి, రెండవ ప్రక్క నిలిచినప్పుడే ఇబ్బంది. నూరు గ్రాముల మట్టి చేరడం ఏమంత కష్టం కాదు. 20 గ్రాములకే 3 కిలోల దెబ్బ అయితే నూరు గ్రాములకు ఎంతో మీరే లెక్కవేయండి.

కావున వణుకు వచ్చినదనగానే చేయవలసిన మొదటి పని, బండి చల్లబడిన తరువాత బండి వెనుకభాగం నుండి, ప్రక్కల నుండి చేయి దూర్చి, నాలుగు రిమ్ముల లోపలి వైపు నీటితో నానబెట్టి కర్రపుల్లతో గీకి శుభ్రంగా కడగడం. ఇనుప పరికరంతో గీకరాదు, అక్కడ అంటించిన తూకపు ముక్కలు ఊడిపోగలవు. టైరు గాళ్లలో ఇరుక్కొన్న పెద్ద రాళ్లను కూడా తీయవలెను. ఖర్చు లేని ఈ పనితోనే వణుకు పోయిన బండ్లు మన దారులలో తక్కువేమీ కాదు.

బ్యాలెన్సింగు వేరు, అలైన్‌మెంటు వేరు

కన్నడ లిపిలో గాని తెలుగు లిపిలో గాని టైర్ల దుకాణాల బోర్డు మీద ఈ రెండు మాటలూ ప్రక్కప్రక్కనే ఉంటాయి. దానితో రెండూ ఒకే పనికి రెండు పేర్లని చాలామంది భావిస్తున్నారు. వణుకుతో వెళ్లి అలైన్‌మెంటు చేయించుకొని, అదే వణుకుతో తిరిగి వస్తున్నారు.

అలైన్‌మెంటు అంటే చక్రాలు ఏ దిక్కుకు చూస్తున్నవి, ఎంత వాలి ఉన్నవి అన్నది సరిచేయడం. అది తప్పితే బండి ఒక ప్రక్కకు లాగుతుంది, టైరు ఒక అంచు త్వరగా అరుగుతుంది. బ్యాలెన్సింగు అంటే ప్రతి చక్రం తన చుట్టూ తాను సమతూకంగా ఉన్నదా అని చూడడం. సైకిలును తలక్రిందులుగా నిలిపి ముందు చక్రాన్ని మెల్లగా తిప్పి వదిలితే, చాలాసార్లు గాలిపట్టే వాల్వు ఉన్న ప్రక్క క్రిందికి వచ్చి ఆగుతుంది. అక్కడ బరువు ఎక్కువ. దానికి ఎదురు ప్రక్కన కొద్ది బరువు కట్టితే చక్రం ఎక్కడైనా ఆగుతుంది. కారు చక్రానికి చేసేది ఇదే పని. అయితే కారు చక్రం వెడల్పైనది గనుక లోపలి అంచు, బయటి అంచు రెండింటినీ వేరువేరుగా తూచవలెను. ఇది చేతితో సాధ్యం కాదు, యంత్రమే కావలెను.

దుకాణంలో దూరంగా కూర్చొనక దగ్గర నిలిచి చూడండి. పాత తూకపు ముక్కలు తీసివేయించి, రిమ్ము మట్టి లేకుండా తుడిపించిన తరువాతనే చక్రాన్ని యంత్రానికి ఎక్కించవలెను. ఇనుప రిమ్ముకు అంచున తట్టే ముక్కలు, అల్లాయి రిమ్ముకు అంటించే ముక్కలు వాడుతారు. ముక్కలు పెట్టిన తరువాత రెండవసారి తిప్పి రెండు వైపులా సున్నా వచ్చినదా అని చూపించమని అడగండి. ఈ రెండవసారి తిప్పడాన్ని తొందరలో మానివేసే దుకాణాలు ఉన్నవి. చిన్న కారు చక్రానికి ఒక్క ప్రక్కనే 60, 70 గ్రాములు కావలసి వస్తే, ముక్కలు పేర్చుకొంటూ పోవడం కన్న, రిమ్ము మీద టైరును సగం చుట్టు తిప్పి అమర్చి మళ్లీ తూచమనడం మేలు. టైరు బరువైన చోటు, రిమ్ము బరువైన చోటు ఒక్కచోట కలిసి ఉంటే ఈ విధంగా విడిపోతాయి.

యంత్రం మీద చక్రం తిరుగుతున్నంతసేపు అంకెలను కాదు, టైరును చూడండి. ఎదురుగా కొద్ది దూరంలో నిలిచి చూస్తే, టైరు పైభాగం నిలకడగా ఉన్నదా, ఎగిరెగిరి పడుతున్నదా, పాములా ప్రక్కలకు మెలికలు తిరుగుతున్నదా అన్నది కంటికే తెలుస్తుంది. నా దృష్టిలో అక్కడ ఇచ్చే రూపాయలకు దక్కే అసలు ఫలం ఈ చూపే. ఎందుకంటే యంత్రం సున్నా చూపినంత మాత్రాన టైరు మంచిదని అర్థం కాదు. కోడిగ్రుడ్డు ఆకారంలో ఉన్న చక్రాన్ని కూడా ముక్కలు పెట్టి సమతూకం చేయవచ్చును. యంత్రం మీద చక్రం గాలిలో తిరుగుతుంది, దారి మీద బండి బరువు మోస్తూ తిరుగుతుంది. టైరులో ఒకచోట బిగువు, ఒకచోట మెత్తదనం ఉంటే ఈ సాధారణ యంత్రం దానిని పట్టలేదు. "బ్యాలెన్సింగు రెండుసార్లు చేయించినా తగ్గలేదు" అనేవారి బండ్లలో తరచుగా ఉండే దోషం ఇది.

పంచరు అతికించుటకు టైరు విప్పిన ప్రతిసారి తూకం మారే అవకాశం ఉన్నది. విప్పే ముందు రిమ్ము మీద, టైరు మీద ఎదురెదురుగా సుద్దముక్కతో గీత పెట్టించి, తిరిగి అదే స్థానంలో ఎక్కించమనవలెను. పంచరు పడకుండా లోపల పోసే ద్రవం కూడా ఒకచోట చేరి వణుకు తెప్పిస్తుంది. గాలి కారుతున్నదని ట్యూబు లేని టైరులో ట్యూబు దూర్చి ఇచ్చే అలవాటు పల్లెల్లో ఉన్నది. అది వేడిని పెంచుతుంది, తూకాన్ని చెడగొడుతుంది. గాలి ఎందుకు కారుతున్నదో వెదకడమే సరియైన మార్గం. రిమ్ము అంచు వంగినందువల్ల కూడా గాలి కారవచ్చును.

చేతితో తడిమి చూడవలసిన టైరు

నేటి కార్ల టైర్లన్నీ రేడియల్ టైర్లు. నడిచే పట్టీ క్రింద ఉక్కు తీగల పొరలు ఉంటాయి. ఎండ, అధిక భారం, తక్కువ గాలి, గుంతల దెబ్బలు, వయస్సు కలిసి ఆ పొర రబ్బరు నుండి విడిపోవడం మొదలైతే టైరు మీద ఒకచోట మెల్లగా ఉబ్బు వస్తుంది. మొదట అది కంటికి ఆనదు. స్టీరింగుకు మాత్రం తెలుస్తుంది. మొన్నటి దాకా లేని వణుకు, ఒకటి రెండు ప్రయాణాలలోనే పెరుగుతూ, రానురాను తక్కువ వేగంలోనే మొదలవుతుంటే ఇదే అని అనుమానించవలెను. తూకం దోషం ఈ విధంగా దినదినం ముదరదు. ఎండాకాలపు మధ్యాహ్నం, నిండా మనుషులతో, 100 కిలోమీటర్ల వేగంలో ఆ పొర ఊడిపోతే ఏమవుతుందో వేరుగా వర్ణించనక్కరలేదు.

పరీక్ష ఇట్లు చేయండి. చదునైన గట్టి నేల మీద బండిని నిలిపి, హ్యాండు బ్రేకు వేసి, గేరులో ఉంచి, వెనుక చక్రాలకు ముందు వెనుక రాళ్లు అడ్డుపెట్టండి. జాకీని బండి పుస్తకంలో చూపిన చోటనే పెట్టి ఒక ముందు చక్రాన్ని లేపండి. ముందు చక్రాలు లాగే కారయితే ఆ చక్రం తిరుగుటకు గేరు తీయవలసి వస్తుంది, కావున అడ్డురాళ్లను మరొకసారి సరిచూసుకొండి. జాకీ మీద ఉన్న బండి క్రిందికి తల గాని కాలు గాని దూర్చరాదు. పిల్లలను దగ్గరకు రానీయరాదు. ఇంజను ఆపి ఉంచి, చక్రాన్ని చేతితోనే మెల్లగా తిప్పవలెను. ఒక ఇటుకను నేల మీద నిలిపి దాని మీద పెన్సిలును టైరుకు వెంట్రుకవాసి దూరంలో కదలకుండా ఆనించండి. చక్రం తిరుగుతుండగా ఆ సందు ఒకచోట మూసుకొనిపోయి, ఇంకొకచోట తెరుచుకొంటుంటే టైరు గుండ్రంగా లేదు. పెన్సిలును రిమ్ము అంచుకు జరిపి మళ్లీ చూడండి. రిమ్ము సరిగా ఉండి టైరే ఊగితే దోషం టైరులో, రిమ్మే ఊగితే రిమ్ములో.

తరువాత చక్రాన్ని ఆపి, అరచేతితో టైరు పట్టీని, రెండు గోడలను మెల్లగా తడమండి. తీగ పొడుచుకొని వచ్చి ఉండవచ్చును, జాగ్రత్త. గోడ మీద నిమ్మకాయంత ఉబ్బు ఉంటే లోపలి దారాలు తెగినట్లే. దానికి అతుకు లేదు, మరమ్మతు లేదు. స్టెప్నీ వేసుకొని మెల్లగా దుకాణానికి వెళ్లి టైరు మార్చడమే. రిమ్ముకు దగ్గరగా టైరు గోడ మీద సన్నని గీత ఒకటి చుట్టూ ఉంటుంది. అది రిమ్ము అంచు నుండి అంతటా సమదూరంలో ఉండవలెను. ఒకచోట లోపలికి పోయి ఉంటే టైరు రిమ్ములో సరిగా కూర్చోలేదు, విప్పి మళ్లీ ఎక్కించవలెను.

టైరు గోడ మీద నాలుగు అంకెల సంఖ్య ఉంటుంది. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. అయిదేండ్లు దాటిన టైరును ఏటేటా పరీక్ష చేయించవలెనని, గాళ్లు ఎంత బాగున్నా పదేండ్లకు మించి వాడరాదని పలువురు తయారీదారులు చెబుతున్నారు. తక్కువ తిరిగే ఊరి బండిలో గాళ్లు కొత్తవిగానే ఉంటాయి, రబ్బరు మాత్రం ముసలిదవుతుంది. పాత టైర్లు అమ్మే అంగళ్లలో నల్లరంగు పూసి నిగనిగలాడించినా ఈ నాలుగు అంకెలు దాచలేరు. గాళ్ల మధ్య అక్కడక్కడ ఉండే చిన్న దిమ్మెల దాకా, అంటే 1.6 మిల్లీమీటర్ల లోతుకు, పట్టీ అరిగితే ఆ టైరు పని అయిపోయినట్లే.

నెలల తరబడి కొట్టంలో నిలిచిన బండి టైరు నేలకు ఆనిన చోట చదునవుతుంది. రాత్రి నిలిపిన బండిలో ఉదయం కొద్ది దూరం ఈ వణుకు ఉండి, టైరు వేడెక్కగానే పోతే చింతించనక్కరలేదు. పండుగకు మాత్రమే ఊరికి వచ్చే పిల్లల కార్లలో అది శాశ్వతమై ఉండవచ్చును. అటువంటి బండిని గాలి నింపి ఉంచి, పక్షానికొకసారి నాలుగడుగులు జరుపుతుండవలెను.

చక్రాలు మార్చి చూడడం

ఇంతవరకు తేలకపోతే ఇంకొక ఉపాయం ఉన్నది. ముందు చక్రాలు రెండింటినీ అదే ప్రక్క వెనుకకు, వెనుకవి ముందుకు మార్చి, అదే దారిలో అదే వేగంతో నడిపి చూడండి. వణుకు స్టీరింగును విడిచి సీటులోకి వెళితే దోషం ఆ రెండు చక్రాలలోనే ఉన్నది. వణుకు స్టీరింగులోనే నిలిచిపోతే చక్రాలు నిర్దోషులు, అప్పుడు హబ్బు, బేరింగు, డిస్కు, స్టీరింగు కడ్డీల వైపు వెళ్లవలెను. ముందు వెనుక టైర్ల కొలతలు ఒక్కటేనా అని ముందుగా చూసుకోవలెను. స్టెప్నీతో ఈ పరీక్ష చేసేవారు దాని మీద వేగపరిమితి వ్రాసి ఉన్నదా అని చూడండి. చాలా కార్లలో స్టెప్నీ సన్నది, 80 దాటి నడపకూడనిది.

చక్రం లేపి ఉన్నప్పుడే పైనా క్రిందా పట్టుకొని ఊపి చూడండి. ఆడుతుంటే బేరింగు గాని బాల్ జాయింటు గాని అరిగినది. కుడి ఎడమల పట్టుకొని ఊపినప్పుడు మాత్రమే ఆడితే టై రాడ్డు చివర అరిగినది. ఇవి అరిగిన బండిలో కొద్దిపాటి తేడా కూడా పెద్ద వణుకు చూపిస్తుంది. "జాయింట్లు మార్చవలెను" అన్న మిస్త్రీ ప్రతిసారీ డబ్బు కోసం చెబుతున్నాడనుకోరాదు. ఆడుతున్న జాయింటును ఆడించి చూపించమని అడిగితే సరిపోతుంది.

వంగిన ఇనుప రిమ్మును తిన్నగా చేయించవచ్చును, కొత్తది కూడా పెద్ద ధర కాదు. అల్లాయి రిమ్ము పగిలితే కాల్చి వెల్డింగు చేసి ఇచ్చేవారు పట్టణాలలో ఉన్నారు. మన కుటుంబం ఎక్కే బండికి ఆ పని వద్దని నా అభిప్రాయం.

చక్రం తిరిగి బిగించేటప్పుడు హబ్బు ముఖం మీద, రిమ్ము వెనుక ముఖం మీద ఉన్న తుప్పు, మట్టి తుడవవలెను. అక్కడ ఇసుక రేణువంత ఎత్తు ఉన్నా చక్రం ఓరగా కూర్చొని మళ్లీ వణుకుతుంది. నట్లను ముందు చేతితో ఎక్కించి, వరుసగా కాక ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. బండిని దించిన తరువాత వీల్ పానాతో చివరి బిగింపు ఇవ్వండి. పానా మీద ఎక్కి త్రొక్కడం, పొడవు గొట్టం తొడిగి బిగించడం వలన బోల్టు సాగిపోతుంది. 50 నుండి 100 కిలోమీటర్లు నడిచిన పిమ్మట ఒకసారి ఆగి, నట్లన్నింటినీ మళ్లీ పానాతో సరిచూడవలెను. బళ్లారిలో చక్రం బిగించుకొని బయలుదేరినవారికి గుంతకల్లు దాటేలోపు ఎక్కడైనా టీ కోసం దిగినప్పుడు ఈ పని అయిపోతుంది.